దండ డబుల్ బ్యారల్‌కు, గురి సాలమన్‌ది

పంజాగుట్టలో మా నగల దుకాణానికి వచ్చేవాళ్లు ముందుగా చూసేది నెక్లెసులను కాదు, తలుపు దగ్గర నిలబడి ఉండే డబుల్ బ్యారల్ తుపాకీని. దాన్ని పట్టుకున్న మనిషిని ఎవరూ చూడరు. ఆ మనిషి పేరు సాలమన్. మా చర్చిలో ముందు వరసలో కూర్చుంటాడు, నన్ను సండే స్కూలు రోజుల నుంచి ఎరుగును, కాబట్టి నాకు అంకుల్. నా పేరు సిల్వియా. వెండి కౌంటర్ నాది. తలుపుకు అన్నిటికన్నా దగ్గర కౌంటర్ అదే గనక రోడ్డు మీది దుమ్ము ముందు నాకు చేరుతుంది, ఏసీ చల్లదనం చివర చేరుతుంది. తలుపు దగ్గర జరిగే వింతలు కూడా ముందు నాకే కనిపిస్తాయి.

సాలమన్ అంకుల్ మిలటరీలో పనిచేసి వచ్చాడు. ఆ సంగతి చర్చిలో అందరికీ తెలుసు. వంట విభాగంలో పనిచేశాడన్న సంగతి మాత్రం ఆయన భార్య జీవమణి ఆంటీకి, ఆవిడ ద్వారా మా అమ్మకు, మా అమ్మ ద్వారా నాకు తెలుసు. ఏటా ఒకసారి వంటవాళ్లను కూడా ఫైరింగ్‌కు తీసుకెళ్లేవారట. అక్కడ ఏం తగిలిందో ఏం తప్పిందో ఆంటీకి కూడా చెప్పలేదు. మీసం మాత్రం సరిహద్దులో యుద్ధం చేసి వచ్చినవాడిదే.

మిలటరీ వదిలాక లైసెన్సు తీసుకుని, తుపాకీ కొనుక్కుని, మా షాపులో గన్‌మన్‌గా చేరాడు. చేరినప్పటి నుంచి ఆ తుపాకీ ఒక్కసారి కూడా పేలలేదు. పేల్చాలంటే తూటా ఖర్చవుతుంది. తూటా ఖర్చయితే ఎందుకు పేల్చావు, ఎక్కడ పేల్చావు, ఖాళీ డొప్ప ఏది అని అడుగుతారు. పేల్చకపోతే ఎవరూ ఏమీ అడగరు. అందుకని ఆయన శనివారం శనివారం దానికి నూనె రాసి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ భుజాన వేసుకునేవాడు. ఇంట్లో ఆంటీ మోకాళ్లకు కూడా అంత శ్రద్ధగా నూనె రాసి ఉండడు.

మా ఓనరు హనుమత్ప్రసాద్ గారు గుంటూరు వైపు మనిషి. నోరు మంచిదే కానీ, వేళాకోళం ఎక్కడ ఆపాలో ఆ నోటికి తెలియదు. "జీతం నీకు కాదయ్యా సాలమనూ, తుపాకీకి. నువ్వు దాని స్టాండువి" అని జీతాలిచ్చే రోజు అందరి ముందూ అనేవారు. మేం నవ్వేవాళ్లం. అంకుల్ కూడా నవ్వేవాడు. కానీ ఆ మాట ఆయనకు ముల్లులా దిగేది. అబద్ధమైతే అంత గుచ్చుకోదు. నిజంగానే ఏదైనా ముంచుకొస్తే తను గన్‌మన్‌గా నిలబడతాడా, స్టాండులా నిలబడతాడా అన్నది ఆయనకే తెలియదు. తెలుసుకునే అవకాశం ఆ తుపాకీ ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇంతలో పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఎన్నికల కోడ్ పడిందంటే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి. ఫలితాలు వచ్చాక తెచ్చుకోవాలి. బ్యాంకుల వాళ్లకు మినహాయింపు ఉంటుంది. మా ఓనరు కూడా మినహాయింపు కోసం అర్జీ పెట్టారు గానీ దానికి జవాబు రాలేదు. అంకుల్ తుపాకీని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లి, అప్పగించి వచ్చాడు. తిరిగి వచ్చినప్పుడు సమాధుల తోట నుంచి వచ్చినవాడిలా మొహం కడుక్కుని, తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. ఒకసారి వెనక్కి కట్టుకున్నాడు, ఒకసారి నడుము మీద పెట్టుకున్నాడు, చివరికి తలుపు తీసి మూసే పని మొదలుపెట్టాడు.

అక్షయ తృతీయ దగ్గర పడుతోంది. సంవత్సరంలో మాకు ఊపిరాడని రోజు అది. అలాంటి రోజున గన్‌మన్ చేతిలో గన్ను లేకపోతే జనం ఏమనుకుంటారని ఓనరుకు దిగులు పట్టుకుంది. ఒక సాయంత్రం పొడుగాటి అట్టపెట్టెతో వచ్చారు. అందులో ఎయిర్‌గన్ ఉంది.

"దీనికి లైసెన్సు అక్కర్లేదు. దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. గుడ్డి కన్నా మెల్ల నయం కదా" అన్నారు.

అంకుల్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "సార్, గిది పిట్టలను గొట్టేది. నేను గన్‌మన్‌ను సార్."

"పిట్టల్ని కూడా కొట్టద్దులే. ఊరికే పట్టుకు నుంచో."

నిలబడ్డాడు. కానీ జనాన్ని తక్కువ అంచనా వేయకూడదు. పెద్దవాళ్లు మొహమాటానికి ఊరుకున్నా, ఒకావిడ చంకలోని పిల్ల మాత్రం వేలు పెట్టి చూపించి, "మమ్మీ, ఎగ్జిబిషన్‌లో బెలూన్లు కొట్టే తుపాకీ!" అని కేక పెట్టింది. అప్పటిదాకా డబుల్ బ్యారల్‌ను చూసి నెమ్మదిగా బండి తీసే ఆటోవాళ్లు ఇప్పుడు షాపు ముందే ఆపుకుని, "అంకుల్, నాకో బెలూన్ గొట్టియ్యరాదే" అనడం మొదలుపెట్టారు. తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవంటారు. దీనికి ఆ తాటాకు చప్పుడు కూడా లేదు.

మేం భోజనాలు చేసేది సెల్లార్‌లో. ఖాళీ నగల పెట్టెలు, గొలుసులు వేలాడదీసే వెల్వెట్ మెడలు, పాత బోర్డులు అన్నీ అక్కడే పడి ఉంటాయి. ఒకరోజు నేను టిఫిన్ డబ్బా మూత తీసేసరికి, ఆ చివర అంకుల్ ఎయిర్‌గన్ ఎక్కుపెట్టి ఉన్నాడు. గోడ దగ్గర ఒక అగ్గిపెట్టె నిలబెట్టుకున్నాడు. కాల్చాడు. అగ్గిపెట్టె కదల్లేదు. మళ్లీ కాల్చాడు. దానికి చీమ కుట్టినట్టయినా కాలేదు. పక్కన గోడ సున్నం మాత్రం రాలింది.

"తుపాకీ వంకర ఉన్నది" అన్నాడు నాతో. మర్నాడు గుండ్లు నాసిరకం అన్నాడు. ఆ మర్నాడు సెల్లార్‌లో వెలుతురు సరిగా లేదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది వ్యవహారం. నేను అన్నం నములుతూ తల ఊపాను. గోడకు మాత్రం మశూచి పోసినట్టు మచ్చలు పడ్డాయి.

అప్పుడు దిగి వచ్చింది సంహిత గారు. ఓనరు కోడలు. షాపు లెక్కలు చూస్తుంది. కాలేజీ రోజుల్లో ఎయిర్ రైఫిల్ పోటీల్లో పాల్గొన్నదట. ఆ సంగతి పెళ్లిచూపుల్లో ఎవరికీ చెప్పొద్దని వాళ్లమ్మ ఒట్టు వేయించుకుందట.

"సాలమన్ గారూ, ఆ గోడ మీకేం చేసింది?" అని అడిగింది.

అంకుల్ అటెన్షన్‌లో నిలబడ్డాడు. "ఇది ఆడుకునే వస్తువు మేడమ్. డబుల్ బ్యారలైతే ఒక్క దెబ్బ."

"డబుల్ బ్యారల్ తూటాలో బోలెడు గుండ్లుంటాయి కదండీ. అక్షింతలు వేసినట్టే. ఎలా విసిరినా నాలుగు గింజలు పెళ్లికొడుకు మీద పడతాయి. ఇందులో ఉండేది ఒక్కటే గుండు. మీ చెయ్యి ఎటు చెప్తే అటే పోతుంది." ఆమె తుపాకీ తీసుకుని, బ్యారల్‌ను మధ్యకు విరిచినట్టు కిందికి వంచి, చిన్న గుండు పెట్టి మూసింది. "మీరు దీన్ని గొంతు పిసికినట్టు పట్టుకుంటున్నారు. లోపల స్ప్రింగు ఉంటుంది. గుండు బయటికి రాకముందే అది ఎగిరి పడుతుంది. గట్టిగా పట్టుకుంటే గుండు దారి తప్పుతుంది. పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకోవాలి. ఇంకోటి, కాల్చగానే మీరు తల ఎత్తి చూస్తున్నారు. అప్పటికి గుండు ఇంకా గొట్టంలోనే ఉంది. కాల్చాక కూడా అలాగే ఉండిపోండి."

కాల్చింది. అగ్గిపెట్టె ఎగిరి పడింది. ఆమె తుపాకీ ఇచ్చేసి మెట్లెక్కి వెళ్లిపోయింది.

అంకుల్‌కు రోషం వచ్చింది. కొన్నాళ్లు దాన్ని సెల్లార్‌కు తేనేలేదు. "ఆడపిల్ల నాకు తుపాకి నేర్పుతదా" అని గొణుక్కున్నాడు. నేనూ ఆడపిల్లనేనని, ఆ మాట నా ముందే అంటున్నాడని కూడా ఆయనకు తట్టలేదు. తర్వాత ఒకరోజు నేను కిందికి దిగుతుంటే లోపలి నుంచి టింగుమని చప్పుడు వచ్చింది. కుంకుమ భరిణె మూత ఒకటి దారానికి వేలాడుతూ గిర్రున తిరుగుతోంది. దాని ఎదురుగా అంకుల్, తుపాకీ ఇంకా దించకుండా, ఊపిరి కూడా బిగబట్టి, చెంపల మీద కన్నీళ్లతో నిలబడి ఉన్నాడు. నేను చూడనట్టు వెనక్కి ఎక్కేశాను.

ఆ తర్వాత ఆయన మనిషే మారిపోయాడు. డబుల్ బ్యారల్‌తో ఇన్నేళ్లుగా చేయలేని పని ఇప్పుడు మధ్యాహ్నం భోజనం చేస్తూ చేస్తున్నాడు. ఎన్నిసార్లు కాల్చినా అడిగేవాడు లేడు, డొప్ప చూపించమనేవాడు లేడు, పక్కింటివాళ్లు ఉలిక్కిపడేది లేదు. తప్పితే ఎందుకు తప్పిందో ఆ మూతే చెప్తుంది. చర్చిలో ఎవరో మిలటరీ ముచ్చట ఎత్తితే, "వంట చేసిన బిడ్డా. వెయ్యి మందికి పప్పు వండిన" అన్నాడు. మీసం కూడా కాస్త కత్తిరించుకున్నాడు. జీవమణి ఆంటీ ఒక ఆదివారం నన్ను పట్టుకుని, "ఇంట్ల డబ్బాలకు ఒక్క మూత సుత లేదే సిల్వియా. పప్పుల పురుగులు పడుతున్నయ్. ఏం జేస్తుండే ఈ మనిషి?" అని అడిగింది. నాకేం తెలుసాంటీ అన్నాను.

కానీ ఇదంతా సెల్లార్ వైభవం. పైన తలుపు దగ్గర ఆయన ఇంకా బెలూన్ల తుపాకీ వాడే. ఒకరోజు నాతో అన్నాడు: "పెద్ద తుపాకి పట్టుకున్నప్పుడు అందరు నన్ను నమ్మిండ్రు, నాకే నమ్మకం లేకుండె. గిప్పుడు నాకు జర నమ్మకం వచ్చింది, ఒక్కడు నమ్ముతలేడు." మళ్లీ తనే, "అయినా మూత మనల్ని భయపెట్టదు గదమ్మా. మనిషి ముంగట చెయ్యి వణికితే? గది తెల్వాలె" అన్నాడు. అది ఎప్పటికీ తెలియకుండా ఉండాలని నేను మనసులో ప్రార్థన చేశాను. వెండి కౌంటర్ తలుపు పక్కనే కదా.

అక్షయ తృతీయ గడిచింది, పోలింగూ గడిచింది. లెక్కింపు ఇంకా కాలేదు గనక తుపాకులు స్టేషన్‌లోనే ఉన్నాయి. ఎండకు రోడ్డు మీద కుక్క కూడా లేని ఒక మధ్యాహ్నం, మిగతా అమ్మాయిలు భోజనానికి దిగారు. ఓనరు లోపలి గదిలో ఉన్నారు. హెల్మెట్ పెట్టుకున్న కుర్రాడు ఒకడు లోపలికి వచ్చాడు. భుజాన ఏదో కోచింగ్ సెంటర్ వాళ్లిచ్చిన బ్యాగు ఉంది. దగ్గర్లోనే ఉన్న కోచింగ్ సెంటర్ల అడ్డా మైత్రీవనం చుట్టుపక్కల అలాంటి బ్యాగులు వేలాడని భుజం ఉండదు కాబట్టి నాకు అనుమానం రాలేదు. బ్యాగులోంచి నల్లటి పిస్టల్ తీసి నా మొహానికి పెట్టాడు.

"గోల్డ్ మొత్తం ఈ బ్యాగుల ఎయ్యి!"

"ఇది సిల్వర్ కౌంటర్ సార్" అన్నాను. సార్ అన్నందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కౌంటర్ అలవాటు, నోరు దానంతట అదే అనేసింది. అతను పాపం ఒక్క క్షణం బోర్డు వైపు చూశాడు. చచ్చిపోతానని నిజంగానే అనుకున్నాను. దేవుడు గుర్తు రాలేదు. పొద్దున ఉప్మాలో ఉప్పెక్కువైందని అమ్మ మీద అరిచి, చెప్పకుండా వచ్చేసిన సంగతి గుర్తొచ్చి ఏడుపొచ్చింది.

"గా పిల్లను వదిలెయ్ బిడ్డా" అన్నాడు అంకుల్ తలుపు దగ్గర నుంచి.

కుర్రాడు గిరుక్కున తిరిగి పిస్టల్ ఆయనకు గురిపెట్టాడు. అంకుల్ ఆ పిస్టల్ మూతి వైపు తేరిపార చూశాడు. చూసి, తన తుపాకీ భుజం మీద నుంచి దించాడు.

డబుల్ బ్యారలైతే ఎత్తి చూపిస్తే సరిపోయేది. వాడు అప్పుడే పారిపోయేవాడు. ఎయిర్‌గన్‌తో వచ్చిన చిక్కే అది. దొంగ ఎదుటే దాన్ని మధ్యకు వంచాలి, జేబులోంచి డబ్బీ తీయాలి, అందులోంచి పెసరగింజంత గుండు ఏరాలి. అంకుల్ అన్నీ వరసగా చేయడం మొదలుపెట్టాడు. టక్కుమని బ్యారల్ వంగింది. కుర్రాడు నోరు తెరిచాడు.

"ఏం జేస్తున్నవ్ అంకుల్?"

"లోడ్ జేస్తున్న. ఆగు."

"అరే, అది ఎయిర్‌గన్నా?"

"మరి నీదేంది? నీది సుత గదే గదా."

కుర్రాడి మొహంలో రంగు మారింది. గొప్ప రహస్యం బయటపడ్డవాడిలా కంగారుపడి, పిస్టల్ నొక్కేశాడు. చిట్ చిట్‌మని రెండు చప్పుళ్లు. ఒకటి అంకుల్ చెంప మీద, కంటికి కాస్త కింద తగిలింది. ఇంకోటి మోచేతి దగ్గర దిగింది. రక్తం మీసంలోకి కారింది. నేను కెవ్వున అరిచాను. అంకుల్ అరవలేదు. బొటనవేలితో గుండు లోపలికి నొక్కాడు. బ్యారల్ మూశాడు. పసిపిల్లను భుజాన వేసుకున్నంత మెత్తగా తుపాకీని భుజానికి ఆనించాడు. వాడు మళ్లీ నొక్కబోతున్నాడు. ఆ చెయ్యి ఊగుతోంది. ఈ చెయ్యి ఊగడం లేదు.

పెద్ద చప్పుడేమీ రాలేదు. పిస్టల్ గ్రానైట్ మీద పడి జారుకుంటూ నా కౌంటర్ కిందికి వచ్చింది. కుర్రాడు కుడి మణికట్టు పట్టుకుని, "అమ్మా" అంటూ కూలబడ్డాడు. అంకుల్ మాత్రం ఇంకా అలాగే, కన్ను గురి మీదే పెట్టి, రక్తం కారుతున్నా కదలకుండా నిలబడి ఉన్నాడు. "అంకుల్, అయిపోయింది" అని నేను చెప్పాక దించాడు.

ఓనరు అప్పుడు బయటికి వచ్చారు. పోలీసులు వచ్చారు. కుర్రాడి పేరు విక్రమ్. సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకోవడానికి వచ్చి, అది తలకెక్కక, చూస్తే అచ్చం అసలు పిస్టల్‌లా ఉండే ఎయిర్ పిస్టల్ కొన్నాడట. కనిపిస్తే చాలు జనం భయపడతారని వాడి లెక్క. చూడబోతే మా ఓనరు లెక్కా అదే. ఇద్దరూ ఒకే సరుకును నమ్ముకున్నారు.

హాస్పిటల్‌లో చెంపకు కట్టు కడుతుంటే, ఎట్ల తెలిసింది అంకుల్ అని అడిగాను. "మూతి జూసిన. పెద్ద గొట్టం లోపట చిన్న గొట్టం గనవడ్డది. అసలు పిస్టల్‌కు గట్ల ఉండదు" అన్నాడు. పక్కాగా తెలిసిందా అన్నాను. "సగం తెలిసింది. మిగతా సగం తెల్సేదాంక ఆగితే నువ్వు ఉందువో లేదో." నేను ఆయన చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మా నాన్న పోయాక అలా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

ఇక్కడితో ఆపితే ఇది మంచి కథ అయ్యేది. కానీ మా ఓనరు వ్యాపారస్తుడు. ఆ సాయంత్రమే అందరినీ పిలిచి, "ఎయిర్‌గన్ అని ఎవరి దగ్గరా నోరు జారకండి. బెలూన్ల తుపాకీతో షాపు కాపలా కాస్తున్నామంటే పరువు పోద్ది" అన్నారు. పోలీసులు ఉన్నదున్నట్టే రాసుకున్నారు. కానీ జనం చూసేది వాళ్ల రాతలు కాదు కదా, ఫోన్లు. మైకులు పట్టుకుని వచ్చిన యూట్యూబ్ కుర్రాళ్లకు ఓనరే చెప్పారు, మా డబుల్ బ్యారల్ గర్జించింది, దొంగ గడగడలాడాడు అని. ఆ గర్జించిన డబుల్ బ్యారల్ అప్పటికి స్టేషన్ గదిలో దుప్పటి కప్పుకుని నిద్రపోతోంది. ఈ ముక్క ఒక్క మైకుకూ తట్టలేదు. కట్టు కట్టిన చెంపతో అంకుల్ పక్కన నిలబడి తల ఊపాడు.

"ఎందుకు ఊపిండ్రు అంకుల్?" అని కోప్పడ్డాను.

"నౌకరి గద బిడ్డా. ఈ వయసుల ఇంకో షాపు నాకెవరిస్తరు?"

ఫలితాలు వచ్చాక డబుల్ బ్యారల్ తిరిగి వచ్చింది. షాపు తలుపు దగ్గర జనం దానితో సెల్ఫీలు దిగారు. చర్చిలో కృతజ్ఞత కూడిక పెట్టి, ఆ తుపాకీని సమయానికి అందించిన దేవునికి స్తోత్రం అన్నారు. ముందు వరసలో అంకుల్ నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. దసరాకు ఆయుధ పూజలో ఎర్ర గుడ్డ పరిచి, దాన్ని పడుకోబెట్టి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేశారు. ఓనరు వచ్చినవాళ్లందరికీ కథ చెప్పారు. చెప్పిన ప్రతిసారీ దొంగలు పెరిగారు. సాయంత్రానికి వాళ్లు ముఠా అయ్యారు. ఫోటో తీసేవాడు అంకుల్ భుజం తట్టి, "జర పక్కకు జరుగున్రి, గన్ కనిపిస్తలేదు" అన్నాడు. అంకుల్ జరిగాడు. ఎన్నేళ్లుగానో తేలని సంగతి ఒక మధ్యాహ్నం తేలింది, చెయ్యి వణకలేదని తేలింది. ఆ ఘనతను తీసుకెళ్లి ఇనప గొట్టానికి బొట్టుగా పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కోపంతో ప్రసాదం కూడా తినలేదు.

మరుసటి ఏడు వానాకాలంలో నాంపల్లి కోర్టు నుంచి సాక్ష్యానికి పిలుపు వచ్చింది. అంకుల్, నేను, ఓనరు వెళ్లాం. దారిలో ఓనరు, "తుపాకీ సంగతి గుచ్చి అడిగితే, నా ఆయుధం అని చెప్పి ఊరుకో. వివరాల్లోకి పోవద్దు" అని బోధించారు. కోర్టు హాల్లో బల్ల మీద చీటీ కట్టిన ఎయిర్‌గన్ పడుకుని ఉంది. అంకుల్ దాన్ని చూసి, చాన్నాళ్లుగా కనిపించని బంధువు ఎదురైనట్టు తల ఊపాడు. బోనులో విక్రమ్ ఉన్నాడు. గడ్డం పెంచాడు. పెద్దవాడిలా కనిపించాడు.

వాడి తరఫు లాయరు రామ్మోహనరావు గారు గొంతు సవరించుకుని, తన ఫోన్లో మా షాపు దసరా వీడియో పెట్టి చూపించారు. "ఇందులో మీ ఓనరు గారు డబుల్ బ్యారల్ అంటున్నారు. ఇక్కడ బల్ల మీద ఎయిర్‌గన్ ఉంది. ఇందులో ఏది నిజమండీ?"

అంకుల్ వెనక్కి తిరిగి ఓనరు వైపు చూశాడు. ఓనరు కళ్లతోనే ఏదో చెప్పారు. అంకుల్ చాలాసేపు అటే చూశాడు. బైబిలు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసింది నిజమే గానీ, కడుపు మీద చెయ్యి పెట్టుకుని ఆలోచించే మనిషి కూడా కదా ఆయన.

"ఎయిర్‌గన్ సార్" అన్నాడు అంకుల్. "డబుల్ బ్యారల్ ఆ దినం స్టేషన్ల ఉండె. మా సార్ చెప్పింది నిజం కాదు."

ఓనరు ఫోన్ మోగినట్టు లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ ఫోన్ మోగలేదు. లాయరు గారు నవ్వారు.

"సరే. అంటే ముసలితనంలో, చెంప మీద రక్తం కారుతూ, బెలూన్లు కొట్టే ఈ ఆటవస్తువుతో మా క్లయింటు మణికట్టు మీద గురిచూసి కొట్టారు. నమ్మమంటారా? అతను రాతి నేల మీద జారి పడి చెయ్యి గాయం చేసుకున్నాడు. మీరసలు ఎవరినీ కొట్టలేదు. కొట్టడం మీకు రాదు. మీరు మిలటరీలో వంటవారు. అవునా?"

"వంటనే చేసిన సార్. కానీ కొట్టిన."

"ఎవరు చూశారు? మీ చర్చి అమ్మాయి. మీరేం చెప్తే ఆ అమ్మాయి అదే చెప్తుంది."

నేను లేవబోయాను. కూర్చోమన్నారు. అంకుల్ బల్ల మీది ఎయిర్‌గన్ వైపు చూశాడు. నిజం చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ నిజాన్నీ ఎవరూ నమ్మడం లేదు.

"జారి పడలే సార్!"

అందరం బోను వైపు తిరిగాం. విక్రమ్ రెండు చేతులతో కటకటాలు పట్టుకుని ఉన్నాడు. లాయరు గారు ఊరుకోమని సైగ చేశారు. వాడు చూడనేలేదు.

"జారి పడ్డనంటే మా బస్తీల నన్ను చూసి నవ్వుతరు సార్. రెండు గుండ్లు తగిల్నా ఆయన కదలలే. ఆగి, నిమ్మలంగ జూసి, గీడ్నే గొట్టిండు." కుడి మణికట్టు ఎత్తి చూపించాడు. "మస్తు గురి సార్ ఆయనది."

లాయరు గారు కాగితాల్లో తల దాచుకున్నారు. జడ్జి గారు వాణ్ని మధ్యలో మాట్లాడొద్దని మందలించారు గానీ, మందలిస్తూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

బయటికి వచ్చేసరికి ఓనరు కారు లేదు. అంకుల్, నేను మెట్రో ఎక్కాం. పంజాగుట్ట వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. మేం దిగాల్సింది అక్కడే. అంకుల్ లేవలేదు. రేపటి నుంచి ఆ తలుపు దగ్గర ఇంకెవరో నిలబడతారని ఇద్దరికీ తెలుసు. నేనూ లేవలేదు. తలుపులు మూసుకున్నాయి.

"ఏమన్నడమ్మా ఆ పోరడు?" అని అడిగాడు అంకుల్.

ఆయనకు చెవులు బాగానే వినిపిస్తాయి. నేను చెప్పాను.

"ఆఖరుకు ఏమన్నడు?"

"మస్తు గురి ఆయనది అన్నడు అంకుల్."

"జర గట్టిగ జెప్పు. చప్పుడుల ఇనవడ్తలేదు."

ఎదుటి సీట్లోవాళ్లు తలెత్తి చూసేలా, అమీర్‌పేట వచ్చేదాకా గట్టిగా చెబుతూనే ఉన్నాను.